ఖాళీ పేజీ కూడా సరుకే

బన్సీలాల్‌పేట్‌లో మా పక్కింటి టైలర్ ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"సేఠ్, మీరు మైగ్రేషన్ పని జేస్తరంట గదా. మా బామ్మర్ది మల్కాజ్‌గిరికి ఇల్లు మారుతుండు. ఒక ఫ్రిజ్, ఒక బీరువా, రెండు మంచాలు. ఎంతల జేస్తరు?"

అది కంప్యూటర్ల పని అని చెప్పి నవ్వి వెళ్లిపోవలసింది. కానీ నేను దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరైనా ఎంత అని అడిగితే నోరు ఊరుకోదు. కొత్త ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని రెండు ప్రశ్నలు వేసి ఒక రేటు చెప్పాను. ఆయన అందులో సగం అన్నాడు. బేరం తెగేలోపు మా ఆవిడ పైనుంచి కేక వేసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఆదివారం బీరువా మోసి ఉండేవాణ్ణి.

ఆలోచిస్తే ఆ టైలర్ అన్నది పెద్ద తప్పేమీ కాదు. ఇరవై ఏళ్లు నేను చేసింది ఇళ్లు మార్చే పనే. కాకపోతే ఇంట్లోవాళ్లు పంక్తిలో కూర్చుని తింటూ ఉండగానే, విస్తరి కదలకుండా, చారు ఒలకకుండా ఇల్లంతా ఇంకో వీధికి మార్చాలి. తినేవాళ్లకు తెలియకూడదు.

రిటైరై ఏడాది దాటింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, ఏం చదవాలి సార్ అని అడుగుతుంటారు. ఏం చదవాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ప్రమోషన్ల గురించి చెబుదామంటే నాకు వచ్చినవి తక్కువ, వచ్చినవీ ఆలస్యంగా. అందుకని నాకు నిజంగా పని నేర్పిన ఒక తప్పు గురించి, దాని ముందూ వెనకా సంగతుల గురించి రాస్తున్నాను. ఇందులో నేను అంత గొప్పగా కనిపించను. చదివేవాళ్లకు అదే లాభం.

షట్టర్ దించే సమయం

ఒక పెద్ద సర్వర్ ఉంటుంది. దాని మీద పది పన్నెండు వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. ప్రతిదీ తానే ఒక పూర్తి కంప్యూటర్నని అనుకుంటుంది, పక్కదాని సంగతి దానికి తెలియదు. కింద సర్వర్‌కు రిపేరు వస్తే, పైనున్న మెషీన్లను ఇంకో సర్వర్ మీదికి మార్చాలి. ఆపి మారిస్తే కష్టమేమీ లేదు. నడుస్తుండగా మార్చడమే లైవ్ మైగ్రేషన్.

అందులో తలనొప్పంతా మెమరీతో. ఆ క్షణాన మెషీన్ గుర్తుపెట్టుకున్నదంతా అక్కడే ఉంటుంది. దాన్ని చిన్నచిన్న పేజీలుగా చేసి అవతలికి పంపుతాం. పంపుతుంటే మెషీన్ ఊరికే కూర్చోదు, పంపేసిన పేజీల మీదే మళ్లీ రాస్తుంది. అలా మారినవాటిని గుర్తుపెట్టుకుని రెండో విడతలో పంపుతాం. అంతలో ఇంకొన్ని మారతాయి. మూడో విడత. మిగిలినవి కొద్దిగా అయ్యాక మెషీన్‌ను రెప్పపాటు ఆపి, ఆ కొద్దీ పంపేసి, అవతలి వైపు లేపుతాం.

మా నాన్నకు జనరల్ బజార్ వెనక సందులో తాళ్లు, గోనెసంచుల దుకాణం ఉండేది. నా చిన్నప్పుడు ఆ బిల్డింగు మరమ్మతుకు వచ్చి, రెండు సందుల అవతలికి మారవలసి వచ్చింది. ఒక్క పూట కూడా మూయనన్నాడు. మూస్తే గిరాకీ పక్క దుకాణానికి అలవాటు పడుతుందని ఆయన భయం. ముందు కదలని సరుకు పంపాడు. తర్వాత అమ్మగా మిగిలింది పంపాడు. చివరికి తక్కెడ, గల్లాపెట్టె, కూర్చునే పరుపు మాత్రం ఉన్నాక, చాయ్ తాగేంత సేపు ఇక్కడ షట్టర్ దించి అక్కడ ఎత్తాడు. తర్వాత నేను కంప్యూటర్లో నేర్చుకున్నది దీనికంటే కొత్తదేమీ కాదు.

నా మొదటి బాస్ పద్మనాభం గారు. ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక మెషీన్ ఎంతకీ మారడం లేదు. మేం మోసేదానికంటే వేగంగా అది రాస్తోంది. నేను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, ఇంకో విడత, ఇంకో విడత అంటూ కూర్చున్నాను. ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"అయిపోతది సార్. జెర తగ్గంగనే ఆపుత."

"గిరాకీ తగ్గినంక షట్టర్ దించుతనంటే ఎన్నడు దించవు. ఎంతసేపు ఆపాలె, ఎప్పుడు ఆపాలె అన్నది నువ్వు అనుకోవాలె. ఆపుడు తప్పు గాదు. ఎందుకు ఆపినవో తెల్వకపోవుడు తప్పు."

ఆ మాట నేను సగమే విన్నాను. ఎంతసేపు ఆపాలన్నది మనం అనుకోవాలి అన్నంత వరకు చెవికెక్కింది. దాన్ని బేరమాడుకోవచ్చని అర్థం చేసుకున్నాను.

మొయిజ్ సాబ్‌తో బేరం

చివరి ఎనిమిదేళ్లు కార్ఖానా అనే పేటలో ఒక చిన్న కంపెనీలో చేశాను. కింద టైర్ల షాపు, పైన మేం. చిన్న ఆసుపత్రులకు, బడులకు, ల్యాబులకు కావలసిన మెషీన్లు మా సర్వర్ల మీద నడిచేవి. రక్తపరీక్షల ల్యాబులు ఒక డజను నడిపే సంస్థ ఒకటి మా దగ్గరికి రాబోతోంది. వాళ్ల మేనేజరు మొయిజ్ సాబ్. మనిషి సన్నగా ఉంటాడు, మాట లావుగా ఉంటుంది.

"ఆపుడు గీపుడు ఉండొద్దు సేఠ్ సాబ్. సుబే సే షామ్ దాకా నా మిషన్ నడుస్తనే ఉండాలె."

"మార్చేటప్పుడు ఒక్క సెకను ఇయ్యండ్రి సాబ్."

"సెకనా? నై నై. జీరో."

"జీరో అంటే నాతోటి గాదు, ఇంకెవ్వరితోటి గాదు. ముప్పావు చేసుకుందం."

"అర గూడ ఎక్కువనే."

ఇద్దరికీ ఇంకో చాయ్ వచ్చింది. అది తాగేలోపు సెకనులో మూడో వంతు దగ్గర తెగింది. నేను కోట గెలిచినవాడిలా మెట్లు దిగాను. ఆ మూడో వంతు ఆయనకు దేనికి కావాలో నేను అడగలేదు. బేరంలో అవతలివాడి అవసరం అడిగితే మన ధర పడిపోతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాను మరి.

ఆఫీసుకు వచ్చి వాళ్ల మెషీన్ మీద కొలిస్తే అర సెకను దాకా పోతోంది. కారణం వెతికాను. వాళ్ల ప్రోగ్రాం ప్రతి రిపోర్టు అచ్చయ్యాక ఆ ఫారాన్ని మెమరీలో పూర్తిగా తుడిచేస్తుంది, ఒకరి వివరం ఇంకొకరికి అంటకూడదని. మంచి అలవాటే. దానివల్ల షట్టర్ దించిన ఆ కాసేపట్లో మేం పంపవలసిన వాటిలో తుడిచిన పేజీలు చాలా ఉండేవి. ఖాళీ పేజీని పూర్తిగా పంపం, "ఇది ఖాళీ" అని ఒక చిన్న చీటీ పంపుతాం. వేల చీటీలు.

గోనెసంచుల వ్యాపారి కొడుకు బుర్ర అక్కడ పనిచేసింది. అవతల కొత్త మెషీన్ మెమరీ ఎలాగూ ఖాళీగానే మొదలవుతుంది. ఖాళీని తీసుకుపోయి ఖాళీలో పెట్టడానికి హమాలీ ఎందుకు? తొమ్మిది లైన్లు రాశాను. ఖాళీ పేజీ కనిపిస్తే చీటీ కూడా పంపకు అని. ఆగే సమయం మూడో వంతు కిందికి వచ్చింది. మా బాస్ శ్రీధర్, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నా వీపు చరిచాడు. "అన్నా, బుర్ర అంటే నీదే."

టీచర్

ఆ కోడ్‌ను పరీక్షించే పని స్వర్ణలతది. ఆమెను అందరూ టీచర్ అనేవాళ్లు, ఎందుకంటే నిజంగానే టీచర్. పద్నాలుగేళ్లు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి, నలభై దాటాక టెస్టింగ్ నేర్చుకుని, బడి ఉద్యోగం వదిలేసి మా దగ్గర చేరింది. వాళ్లది గుడివాడ వైపు, మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డారు. ఆరు నెలల ప్రొబేషన్. బడిలో ఆమె స్థానంలో అప్పటికే ఇంకొకరు చేరిపోయారు కాబట్టి వెనక్కి దారి లేదు.

అంతకు ముందు రెండుసార్లు ఆమె ఒక తప్పు చూశానని రిలీజ్, అంటే కొత్త కోడ్ వాడకంలోకి పోవడం, ఆపించింది. రెండుసార్లూ అది మళ్లీ కనబడలేదు. శ్రీధర్ అందరి ముందే అన్నాడు, "మూడోసారి గిట్లయితే కన్ఫర్మ్ జేసుడు కష్టం మేడం." ఆ నెలాఖరుకు ప్రొబేషన్ పూర్తవుతుందనగా, నెల మొదట్లో ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సర్, వారం నుంచి నడుపుతున్నానండి. మెమరీ నిండా అంకెలు రాస్తాను, తుడుస్తాను, మెషీన్ మారాక ఖాళీగా ఉందో లేదో చూస్తాను. ఇవాళ తుడిచిన చోట పాత అంకె ఉందండి."

"ఎన్నిసార్లు నడిపినవ్ టీచరమ్మా?"

"రోజుకి నలభై, యాభై."

"అండ్ల ఒక్కసారా? మళ్ల చూపియ్యి."

"మళ్లీ రావట్లేదండి."

"ఒక్కసారి చూసింది చూసినట్టు గాదు."

"అదేంటండీ! పిల్లాడు ఒక్కసారి కాపీ కొట్టినా కొట్టినట్టేగా?"

నవ్వాను. ఆమె పరీక్షలోనే ఏదో పొరపాటు ఉందని నా నమ్మకం. ఆమె ఆ తప్పు మీద ఒక టికెట్ (ఫిర్యాదు) రాసి, దానికి తీవ్రతలో అన్నిటికంటే పై మెట్టు ఇచ్చింది, అంటే రిలీజ్ ఆగుతుంది. మెట్టు దించాలంటే టికెట్ రాసినవాళ్లే తమ పేరు మీద దించాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. నాకు కావలసింది ఒక మెట్టు. కాబట్టి రెండు అడిగాను.

"రెండు మెట్లు దించు."

"కుదరదండి."

"సరే, ఒక్కటి. రిలీజ్ అయినంక ఇద్దరం గూసొని నిమ్మళంగ చూద్దాం. నీ మంచికే చెప్తున్న. శ్రీధర్ మూడోదాని కోసమే చూస్తుండు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నా ముందే, తన పేరు మీద ఒక మెట్టు దించింది. నేను బాగానే తిన్నాను ఆ మధ్యాహ్నం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, తినడం నిజం.

కొత్తవాళ్లకు ఒక మాట. అవతలివాళ్ల భయాన్ని తక్కెడలో వేసి గెలిస్తే అది బేరం కాదు. దానికి బజార్లో వేరే పేరుంది.

ఎన్నో నెల

రిలీజ్ అయిన రెండు వారాలకు మొయిజ్ సాబ్ ఫోన్ చేశాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది.

"సేఠ్ సాబ్, డెబ్బై ఏళ్ల ముసలాయన నా కౌంటర్ల నిలబడి అడుగుతుండు, నాకు ఎన్నో నెల అని."

షుగర్ పరీక్షకు వచ్చిన ఆయన రిపోర్టులో రిమార్కుల గడిలో "గర్భిణి, ఐదో నెల" అని అచ్చయింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి నవ్వింది. ఆయనా నవ్వాడు. మొయిజ్ సాబ్ నవ్వలేదు.

"ఇయ్యాల నవ్వొచ్చే తప్పు వచ్చింది. రేపు అదే గడిల ఒకరికి పడని మందు పేరు ఇంకొకరి మీద పడితే? నాకు వెన్నుల చలి పుడుతుంది సాబ్."

ఆ రిపోర్టు అచ్చయిన నిమిషం, మేం ఆ మెషీన్‌ను మార్చిన నిమిషం ఒకటే. శ్రీధర్ టికెట్లన్నీ తిరగేసి ఆమెది బయటికి తీశాడు. గదిలోకి ఆమెను పిలిచాడు, నన్నూ పిలిచాడు.

"మేడం, రెండుసార్లు లేనిదానికి ఆపిన్రు. ఉన్నదాన్ని మీరే దించిన్రు. నేనేమనుకోవాలె?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. పిల్లాడు తనంతట తానే లేచి నిలబడతాడేమో అని టీచర్లు చూసే చూపు అది. నేను లేవలేదు.

"నేనే దించానండి. నా పేరే ఉంది కదా," అంది.

"శుక్రవారం దాకా టైమ్. కారణం దొరకాలె. మొయిజ్ సాబ్‌కు లెటర్ పంపాలె, అండ్ల ఎక్కడ తప్పు జరిగిందో రాయాలె. టెస్టింగ్ల తప్పిపోయింది అని రాయాల్సొస్తే, మీ కన్ఫర్మేషన్ నా చేతుల ఉండదు."

ఆ గదిలోనే నోరు తెరవవలసింది. ముందు బగ్ దొరకనీ, నెట్‌వర్క్‌దో ఇంకెవరిదో అయితే చెప్పవలసిన పనే ఉండదు కదా, అని నాతో నేను బేరమాడుకున్నాను. నాతో నేను ఆడిన బేరాల్లో నాకెప్పుడూ మంచి తగ్గింపే దొరికేది.

రావలసిన జవాబు

రెండు రోజులు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను ఆ పాత అంకెల వెంట పడ్డాను. ఇవి ఎక్కడివి, దారిలో పాడయ్యాయా, ఒక పేజీ ఇంకో పేజీ చోట పడిందా. పాత బగ్గులన్నీ అలాంటివే చూశాను కాబట్టి వాటినే వెతికాను. ఆమె రూళ్ల నోటుబుక్కులో వరుసలు గీసి రాసుకుంటోంది. పరీక్షను కొంచెం మార్చి, మెషీన్ ఆగడానికి సరిగ్గా ముందు తుడిచేలా చేసింది. అప్పుడు తప్పు రోజుకు నాలుగైదుసార్లు రావడం మొదలుపెట్టింది. ఆమె పరీక్షలో పొరపాటు లేదని అప్పటికే తేలిపోయింది. నేను మాత్రం నెట్‌వర్క్ దగ్గరే వెతుకుతున్నాను.

రెండో రోజు మూడు గంటలప్పుడు నోటుబుక్కు నా ముందుకు జరిపింది.

"సర్, మీరు తప్పు జవాబునే చూస్తున్నారండి. రావలసిన జవాబు ఏంటో చూడండి."

"రావలసింది ఖాళీ."

"అన్నిట్లోనూనండి. ఒక అంకె బదులు ఇంకో అంకె వచ్చినది ఒక్కటి కూడా లేదు. ఖాళీ రావలసిన చోటే తప్పుతోంది. వచ్చింది కూడా చెత్త కాదండి, అంతకు ముందు విడతలో మనం సరిగ్గా పంపినదే. అవతలి పలక మీద రాత ముందే ఉంది. ఇవతల తుడిచారు. తుడిచామని అవతలికి ఎవరూ చెప్పలేదు."

ఆ తొమ్మిది లైన్లు తెరిచాను. ఆమె వంగి చదివింది. చదువుతూ పెన్సిల్ చివర తెర మీద ఆనించింది.

"ఇక్కడ మొదటి విడతలో మాత్రమే అని ఉండాలి కదండీ? అప్పుడైతే అవతల నిజంగానే ఖాళీ. తర్వాత విడతల్లో అక్కడ ఆల్‌రెడీ సరుకు ఉంటుంది కదా."

"ఉండాలె."

"ఎవరు రాశారండీ ఇది?"

"నేనే."

ఆమె పెన్సిల్ వెనక్కి తీసుకుంది. నోటుబుక్కు మూసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. రైలు టైమైంది అంది. రైలుకు ఇంకా గంట ఉంది.

అంత అరుదుగా ఎందుకు వచ్చిందంటే, చాలా ప్రోగ్రాములు ఖాళీ పేజీ మీద ముందు రాసి, తర్వాతే చదువుతాయి. రాయగానే పాతది పోతుంది. ల్యాబు ఫారం అలా కాదు. రిమార్కు ఉంటేనే ఆ గడిలో రాస్తుంది, లేకపోతే ఖాళీ అనుకుని అలాగే అచ్చు వేస్తుంది. ఆ పెద్దాయనకు రిమార్కు లేదు. ఆయనకంటే ముందు వచ్చిన ఎవరో తల్లి రిమార్కు ఆయన గడిలో మిగిలిపోయింది.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమెకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు, నా గురించి అంతా తెలుసు.

"మామయ్య బతుకంత ఖాళీ సంచులే అమ్మిండు. ఒక్కటంటే ఒక్కటి ఊరికే ఇయ్యలే. నీకు ఖాళీ అంటే ఎప్పట్నుంచి అగ్గువైంది?" అంది. అన్నం వడ్డిస్తూ, "ఆ టీచరమ్మ ఉద్యోగం సంగతేంది?" అంది.

ఫిక్స్‌డ్ రేటు

పొద్దున్నే శ్రీధర్ గదికి పోయాను. కోడ్ చూపించాను. మెట్టు దింపించింది కూడా నేనేనని, ఏ మాట చెప్పి దింపించానో దాంతో సహా చెప్పాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"అన్నా, తప్పు నీదే అనుకో. ఎనిమిది నెలలల్ల పోతున్నవు. లెటర్ల నీ పేరు ఎందుకు? టెస్టింగ్ల తప్పిపోయింది అని రాస్తే ఖతం. ఆమె ఎట్లైన ప్రొబేషన్ల ఉంది."

"ఆమె పట్టింది. నేను ఇడిపించిన."

"ఆమె ఒప్పుకున్నది గదా?"

"నా బేరానికి ఒప్పుకోనోళ్లని నువ్వెన్నడన్న చూసినవా?"

నవ్వాడు. నవ్వి, ఈ ఊళ్లో పుట్టినవాడు కాబట్టి, మధ్యేమార్గం తీశాడు. "సరే, సాంకేతిక లోపం అని రాస్త. ఎవ్వరి పేరు వద్దు. ఆమెకు ఇంకో మూడు నెలలు ప్రొబేషన్ పెంచుత. నీకు తక్లీఫ్ లేదు, ఆమెకు తక్లీఫ్ లేదు."

మంచి బేరం. నా జీవితమంతా ఇలాంటి చోటే చేయి కలిపాను. ఆ గది దాటకముందే ఆమెకు ఎలా చెప్పాలో మాటలు కూడా సిద్ధమైపోయాయి నోట్లో. మూడు నెలలంటే ఎంత టీచరమ్మా, ఒక పరీక్ష నుంచి ఇంకో పరీక్షకు. అంత తియ్యగా ఆ మాట నోట్లోకి వచ్చేసరికి నా మీద నాకే రోత పుట్టింది.

"లేదు శ్రీధర్. ఇది ఫిక్స్‌డ్ రేటు. లెటర్ల తప్పు నాదని ఉండాలె. ఆమె కన్ఫర్మేషన్ ఈ నెలలనే రావాలె. రెండిట్ల ఒక్కటి గూడ తగ్గ."

"నువ్వు ఫిక్స్‌డ్ రేటా? పానం మంచిగుందా అన్నా?"

"మంచిగనే ఉంది."

"నేను కాదంటే?"

"మొయిజ్ సాబ్‌కు నేనే పోయి చెప్త. ఎట్లైన పోవాలె. అర సెకను అడగాలె ఆయన్ని."

అన్నట్టుగానే పోయాను. చీటీలు మళ్లీ పంపడం మొదలుపెడితే ఆగే సమయం అర సెకనుకు చేరుతుంది, మాట తప్పినట్టవుతుంది. తప్పు నాదని ముందు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు, అందులో నాకు పడవలసినవన్నీ పడ్డాయి. ఇక మీద నా కోడ్ ఆయన మెషీన్ మీదికి రావాలంటే ఇంకొకరు చూసి సరే అనాలన్నాడు. ఒప్పుకున్నాను. చివర్లో భయపడుతూ అర సెకను మాట ఎత్తాను.

"అర సెకనా?" అన్నాడు. "అరే భాయ్, నా ప్రింటర్ కాగితం గుంజనీకే ఆరు సెకన్లు పడ్తది. రెండు సెకన్లు తీస్కో."

"మరి ఆరోజు జీరో అన్నరు గదా సాబ్?"

"మీరు బేరం షురూ జేసిన్రు. నేను గూడ జేసిన."

ఎవరికీ అక్కరలేని ఒక అంకె కోసం తొమ్మిది లైన్లు రాశాను. ఒక ముసలాయన్ను ఐదో నెల గర్భిణిని చేశాను. ఒక మనిషి ఉద్యోగాన్ని అంచు దాకా తీసుకుపోయాను. కొత్తవాళ్లు ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. అవతలివాడు ఒక అంకె చెప్పినప్పుడు, తగ్గించడానికి ముందు, అది దేనికని అడగండి. పద్మనాభం గారు ఆనాడే చెప్పింది అదే, నేను విననిది ఆ రెండో సగమే.

ఆమె కలిపిన వాక్యం

లెటర్ నా పేరుతో పోయింది. నెలాఖరున శ్రీధర్ ఆమె చేతికి కన్ఫర్మేషన్ కాగితం ఇచ్చాడు. అందరూ అలాంటి కాగితం తీసుకుని థాంక్స్ చెప్పి లేస్తారు. ఆమె కూర్చుని మొదటి లైను నుంచి చివరి లైను దాకా, జవాబు పత్రం దిద్దుతున్నట్టు చదివింది.

"ఒక వాక్యం కలపాలండి," అంది.

"జీతం సంగతా మేడం?"

"కాదండి. నేను ఇచ్చిన టికెట్ మెట్టు గురించి, ఆ కోడ్ రాసినవాళ్లు నాతో మాట్లాడకూడదు."

"మాట్లాడొద్దా? ఒక్క ఆఫీసుల ఉంటం!"

"రాసి పంపొచ్చండి. ఎంత కావాలంటే అంత. మాట్లాడితే ఈయన గెలుస్తారు."

ఈయన అంటే నేను. అక్కడే కూర్చుని ఉన్నాను. ఆమె ముఖంలో కోపం లేదు, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. శ్రీధర్ నా వైపు చూశాడు. బాగుంది, రాయి అన్నట్టు తలూపాను. కాగితం మీద కాదు గానీ, మా పని నియమాల్లో ఆ వాక్యం చేరింది.

దాన్ని ఆమె మొదటిసారి వాడింది నా మీదే. ఆ బగ్‌కు నేను రాసిన దిద్దుబాటు మీద. ఇంతకు ముందు విడతల్లో ఒక పేజీ అవతలికి పోయి ఉంటే, అది ఖాళీ అయినప్పుడు చీటీ తప్పకుండా పోవాలి. చిన్న మార్పు, సరైన మార్పు. ఆమె పై మెట్టు వేసి ఆపేసింది. ఆగే సమయం ఒక్కోసారి ఎందుకో సాగుతోంది, కారణం తెలియదు, చూడాలి అని రాసింది. అవతల మొయిజ్ సాబ్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. దిద్దుబాటు వచ్చేదాకా ఆయన మెషీన్‌ను మార్చకుండా పాత సర్వర్ మీదే అట్టిపెట్టాం, దాని ఫ్యాను రోజురోజుకూ గట్టిగా అరుస్తోంది. నేను రెండు పేజీల వివరం రాసి పంపాను. "చూస్తున్నానండి" అని ఒక్క ముక్క తిరిగొచ్చింది.

ఆపిన మూడో రోజు సాయంత్రం వదిలింది. ఏమీ దొరకలేదు. ఆ దిద్దుబాటు ఇప్పటికీ అలాగే నడుస్తోందని విన్నాను. ఆమె ఇప్పుడు అక్కడ టెస్టింగ్ మొత్తానికి పెద్ద.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆమె దాన్ని ఆపిన రెండో రోజు మధ్యాహ్నం. శ్రీధర్ నన్ను కిందికి పిలుచుకుపోయాడు. టైర్ల షాపు ముందు నిలబడి, పైన మా కిటికీ వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"అన్నా, మొయిజ్ సాబ్ పానం తీస్తుండు. ఆమెకేమో ఏం దొరుకుతలేదు. పైకి పోయి జెర ఒక్క ముక్క మాట్లాడు. నీ మాటైతే వింటది."

"గందుకే మాట్లాడ," అన్నాను.